తన్ను గూర్చి తాను చెప్పుకొనుట

తన్ను తాను పొగడుకొనుట తగదని మన యిండ్లలో బిడ్డలకు మాటలు వచ్చిన నాటినుండియు నేర్పుచుందుము. పదుగురిలో "నాకిది వచ్చు" నని నోరు తెఱచిన పిల్లవానిని తల్లి కనుసైగతో నాపును. పరీక్షలో మార్కులెన్ని వచ్చినవని చుట్టము లడిగినచో తండ్రి చెప్పవలెను గాని బిడ్డ చెప్పరాదు. ఈ మర్యాదలో పెరిగి, ఇరువదిరెండవ యేట ఇంజనీరింగు పట్టము పుచ్చుకొని వెలుపలికి వచ్చిన వానితో లోకము మొట్టమొదట ననుమాట యేమనగా: "నీ వెవడవో నీవే చెప్పుకొనుము, నీ పేరుతో, నీ బొమ్మతో, ప్రపంచమంతయు చదువునట్లు చెప్పుకొనుము, లేనిచో నిన్నెవరును పిలువరు." ఇరువదేండ్లు వలదన్నదానిని ఒక్క దినమున చేయుమనుచున్నాము. ఈ వైపరీత్యమును గూర్చి మన పెద్దలలో నాలోచించినవారు నాకు తఱచుగా కనబడలేదు.

సాఫ్ట్‌వేర్ చదువులు చదివిన పిల్లలున్న యిండ్లలో ఈ సంగతి క్రొత్తది కాదు. తక్కినవారి కొఱకు రెండు మాటలు చెప్పెదను. లింక్డిన్ అనునది 2003లో అమెరికా దేశమున నారంభమైన యొక తావు. అందెవరి పుట వారిది. పేరు, చదువు, చేసిన పనులు, వచ్చిన విద్యలు అందు వ్రాసికొందురు. ఉద్యోగము లిచ్చువారు తమకు కావలసిన విద్య పేరు చెప్పి వెదకి, నచ్చినవారిని పిలుతురు. 2016లో మైక్రోసాఫ్టు కంపెనీ దానిని 2,620 కోట్ల డాలర్లకు కొనెను. గిట్‌హబ్ అనునది 2008లో వెలసినది. అందు వ్రాసిన ప్రోగ్రాములనే యుంచుదురు; ఏ వరుసను ఎవరు ఎప్పుడు మార్చిరో ఆ చరిత్రయంతయు దానివెంట నుండును. 2018లో దీనినిగూడ ఆ కంపెనీయే 750 కోట్ల డాలర్ల విలువగల వాటాలకు పుచ్చుకొనెను. మొదటిదానియందు మనుష్యుడు తన్ను గూర్చి చెప్పుకొనును. రెండవదానియందు తాను చేసినది చూపును. ఈ భేదమును పాఠకులు మనసున నుంచుకొన వేడెదను.

గడచిన వేసవిలో, మా పాఠశాలలో పదవ తరగతి వఱకు చదివి, పిమ్మట ఇంజనీరింగు ముగించిన యొక బాలిక తన పుటను సరిదిద్దుమని నాయొద్దకు వచ్చెను. "ఇంగ్లీషు తప్పులు ఉంటే చూడండి మాస్టారూ, చాలు" అని ఫోను నా చేతికిచ్చెను. తప్పొక్కటియు లేదు. అదియే నాకు వింతగా తోచెను. ఆ పిల్ల వ్రాత నే నెఱుగుదును. తాను సాఫ్ట్‌వేర్ నిర్మాణమునందు అమితమైన మక్కువ గలదాననియు, జటిలమైన సమస్యలను ఛేదించుటకు ఉత్సహించుదాననియు, నాయకత్వలక్షణములు గలదాననియు అందున్నది. ఆ వాక్యములను వ్రాసినది ఆమె కాదు, యంత్రము. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలుకొని ఇట్టి వాక్యములు తొలకరి వానకు ఉసిళ్ళవలె పుట్టుచున్నవి. వాని క్రింద రెండు ప్రాజెక్టులు కలవు. భోజనము నింటికి తెచ్చియిచ్చు పేరుగల కంపెనీ యొకదాని నకలు మొదటిది. సినిమాల పట్టిక చూపునది రెండవది. అవి యెట్లు వచ్చినవని యడుగగా, హైదరాబాదు అమీర్‌పేటలో శిక్షణకు చేరినప్పుడు తరగతిలో నందఱును చేసినవే యని చెప్పెను. ఆ తరగతిలో అఱువదిమంది. అఱువదిమంది పుటలలోను అవే రెండు.

"నీ అంతట నువ్వు ఎప్పుడూ ఏమీ చెయ్యలేదా అమ్మా?" అని యడిగితిని.

కొంతసేపు నేలచూపు చూచి, "చెప్పుకునేంతది కాదండీ. నాన్నకు పాల లెక్క ఒకటి చేసిచ్చాను" అనెను.

ఆమె తండ్రి తమ యూరిలో పాలకేంద్రము నడుపును. ఉదయము సాయంకాలము నలువదిమందికి పైగా అచ్చట పాలు పోయుదురు. పాల ధర అందఱికిని ఒక్కటి కాదు. వెన్నశాతమును బట్టియు, వెన్నగాక పాలలో నుండు తక్కిన ఘనపదార్థమును బట్టియు మాఱును. పది దినముల కొకమాఱు బిల్లులు కట్టి డబ్బులీయవలెను. ఆయన రాత్రిపూట నోటుపుస్తకములో ఈ లెక్కలు వేయుచు తప్పులు చేసి పొరుగువారితో మాటలు పడుచుండగా, ఈ పిల్ల మూడవ సంవత్సరపు సెలవులలో నొక చిన్న ప్రోగ్రాము వ్రాసియిచ్చినది. మొదటి నెలలోనే ఒక యింటివారికి రావలసినదానికి పదిరెట్లు వచ్చెను. విచారింపగా, తండ్రి 6.5 అని కొట్టవలసిన చోట చుక్క మఱచి 65 అని కొట్టినాడు. ఎంత చిక్కని గేదెపాలకైనను అంత వెన్న యుండదు గావున, పన్నెండునకు మించిన అంకెను తీసికొనకుండ దానిని మార్చినది. పిమ్మట మఱొక తప్పు బయటపడెను. కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల కొందఱి సాయంకాలపు పాలు రెండుమాఱులు చేరుచుండెను. అది యెందుల కగుచున్నదో కనుగొనుటకు నాలుగు దినములు పట్టినదట. ఆ నాలుగు దినముల కథ చెప్పుచున్నంతసేపును పిల్ల ముఖములో వెలుగును, మాటలో తొందరను చూచితిని. నా చేతిలోని ఫోనులో దాని జాడ లేదు.

"మఱి ఇది రాయలేదేం?" అంటిని.

"పాల లెక్క అని రాస్తే నవ్వుతారండీ."

ఆమె చేయనివానిని గూర్చి యా పుటలో సంకోచము లేదు. చేసినదానిని గూర్చియే సిగ్గు. మనము నేర్పిన వినయము ఈ పిల్లను అతిశయోక్తినుండి కాపాడలేకపోయినది. నిజము చెప్పకుండ మాత్రము ఆపినది. అట్టి వినయము వలన నెవరికి మేలు? ఆమె వెళ్ళిన పిమ్మట చాలదినము లీ ప్రశ్న నన్ను వెంటాడినది.

ఆత్మస్తుతి దోషమనుటకు మనవారు భారతమును చూపుదురు. కర్ణపర్వమున, కర్ణుని చేత నొచ్చి శిబిరము చేరిన ధర్మరాజు, కర్ణుడింకను చావలేదని విని, గాండీవమును మఱియొకని కిచ్చివేయుమని అర్జునుని నిందించెను. అట్లనినవానిని చంపెదనని అర్జునునకు వ్రతము. కత్తి దూసిన వానిని కృష్ణుడు ఆపి, పెద్దవానిని నీవని తూలనాడుటయే చంపుటతో సమమని యుపాయము చెప్పెను. ఆ పని చేసి, అన్నను నిందించితినని వగచి, అర్జునుడు మఱల కత్తి దూసి ఈమాఱు తన్ను తాను చంపుకొనబోయెను. తన గుణములను తాను పొగడుకొనుటయే ఆత్మహత్య యని కృష్ణుడు రెండవ యుపాయము చెప్పెను. అర్జునుడు అట్లే పొగడుకొని కత్తి ఒఱలో పెట్టెను.

ఈ కథను నేనును తరగతిలో ననేక పర్యాయములు చెప్పియున్నాను. చెప్పుచు గమనింపని దొకటి యిప్పుడు తోచుచున్నది. ఆ దినమున అర్జునుడు చెప్పుకొన్న దబద్ధము కాదు. అతని విలువిద్య అట్టిదే. నిజమైనను అది చావుతో సమమైనదేల? అతడు చెప్పినది తాను చేసినదానితో నాగలేదు. శివుడు దక్క తనకు సాటియైన విలుకాడు లేడనెను. అనగా తనకును తక్కిన విలుకాండ్రకును నడుమ తానే తీర్పరియై కూర్చుండెను. ఆ పీఠము ఇతరులది. చేసినపని చెప్పుట సాక్ష్యము. తన విలువను తానే కట్టుట తీర్పు. ఈ పిల్ల పుటలోని మక్కువ, ఉత్సాహము, నాయకత్వము అన్నియు తీర్పులే. పాల లెక్క యొక్కటియే సాక్ష్యము, దానిని దాచినది.

సాక్ష్యమెట్లు చెప్పవలెనో హనుమంతుని చూచి నేర్చుకొనవచ్చును. కిష్కింధాకాండమున అతడు భిక్షువేషమున రామలక్ష్మణుల కడకు వచ్చెను. నేను పండితుడనని చెప్పలేదు. అతని మాట విని, ఇతడు వేదములు నేర్చినవాడు, వ్యాకరణమంతయు చదివినవాడు, ఇంతసేపు మాటలాడియు నొక్క అపశబ్దము పలుకలేదు అని లక్ష్మణునితో రాముడు చెప్పెను. వేషము మాఱినను మాట మాఱలేదు. పదియేండ్లు పనిచేసిన ప్రోగ్రామరు క్రొత్తవాడు వ్రాసిన ఇరువది వరుసలు చదివి, వీడు తానుగా ఆలోచించినవాడా, ఎత్తి వ్రాసినవాడా యని ఇట్లే పసిగట్టునని ఆ వృత్తిలోనున్న నా పూర్వవిద్యార్థు లనుచుందురు. సుందరకాండమున సీత అతనిని నమ్మలేదు. మాఱువేషమున వచ్చిన రావణుడేమో యని శంకించెను. అప్పుడతడు నన్ను నమ్ముమని ప్రమాణములు చేయుచు కూర్చుండక, రామకథ చెప్పెను. రాముని గుర్తు లడుగగా వర్ణించెను. పిదప ఉంగర మిచ్చెను. సుగ్రీవుని సేనలో తనకంటె తక్కువవాడు లేడనియు, పనులమీద పంపునది తక్కువవారినే యనియు ఆమెను ఊఱడించెను. ఆ హనుమంతుడే పిమ్మట తోరణమెక్కి వేయిమంది రావణులును నాకు సాటికారని యఱచెను గదా యని ఒక తుంటరి బాలుడు నన్నడిగినాడు. యుద్ధమున అఱచుట వేఱు, విన్నపము వేఱు అని చెప్పి తప్పించుకొంటిని. ఆ సమాధానము నాకును పూర్తిగా తృప్తి నీయలేదు.

మఱియొక సంగతి కలదు. సముద్రతీరమున వానరులందఱును ఎవరెంత దూకగలరో చెప్పుకొనుచుండగా హనుమంతుడు ఒకప్రక్కను మౌనముగా కూర్చుండెను. ఆ మౌనము మనకు ముచ్చట గొలుపును. కాని అచ్చట జాంబవంతుడు లేకపోయినచో? అతని పుట్టుక, బలము తెలిసిన పెద్ద యొకడు లేచి, పదిమంది యెదుట చెప్పినాడు గనుక ఆ వినయము వన్నెకెక్కినది. జాంబవంతుడు లేనివాడు అట్లే కూర్చుండినచో ఏమగును? కూర్చుండియే యుండును.

మన దేశమున ఉద్యోగములు వచ్చిన తీరు చూచినచో ఈ మాట యెంత కఠినమో తెలియును. తాలూకా కచ్చేరీ గుమాస్తా పని మొదలుకొని, అడుగవలసినవారిని అడుగగల మేనమామ, ఉత్తరము వ్రాయగల ప్లీడరు, కులమువాడను అభిమానముగల దొరవారి శిరస్తాదారు, వీరే జాంబవంతులు. వీరున్న యింటి పిల్లవాడు తన్ను గూర్చి తాను చెప్పుకొన నక్కఱలేదు. నోరు మూసికొని కూర్చుండినను బుద్ధిమంతుడనిపించుకొనును. నేటి కంపెనీలలో దీనికి రిఫరల్ అని పేరు. లోపల పనిచేయువాడు తనకు తెలిసినవాని పేరు చెప్పును. ఆ మనిషి చేరినచో చెప్పినవానికి బహుమాన మిచ్చు కంపెనీలును కలవు. చెప్పువాని కెవరు తెలియుదురు? తన కళాశాలవాడు, తన యూరివాడు, తన చుట్టము. చదువు మొదటితరముగా వచ్చిన యింటిలో అట్టివా డొకడును లేడు. ఆ యింటి బిడ్డకు మనము వినయము బోధించుట యనగా చుట్టములున్నవారికి త్రోవ విడిచి నిలువుమని చెప్పుటయే. ఆత్మస్తుతి తప్పను నీతిని అందఱికిని సమముగా బోధించుచుందుము గాని, దాని వెల అందఱును సమముగా చెల్లించుట లేదు.

ఈ యర్థమున చూచినచో, ఎవని పుట వానికుండుట, అపరిచితుడు వచ్చి చదువగలుగుట, గొప్ప సంస్కారమే. క్రొత్తవాడు పాతవారి నడుమ నోరు విప్పుట క్రొత్త సంగతియు కాదు. మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో, పేరుపడిన భాస సౌమిల్ల కవిపుత్రులను విడిచి నేటివాడైన కాళిదాసు నాటకమేలయని పారిపార్శ్వకుడు అడుగును. సూత్రధారుడు కాళిదాసు వారికంటె గొప్పవాడని చెప్పడు. పాతదైనంత మాత్రమున మంచిది కాదు, క్రొత్తదైనంత మాత్రమున చెడ్డది కాదు, పరీక్షించి చూడుమనును. దీనికి విరుద్ధముగా 1482 ప్రాంతమున లియొనార్డో డావించి మిలాను ప్రభువైన లుడొవీకో స్ఫోర్జాకు ఉద్యోగము కోరి వ్రాసిన లేఖ యున్నది. వంతెనలు, ఫిరంగులు, యుద్ధరథములు నేనిట్లు చేయగలనని వరుసగా చెప్పి, చిట్టచివరను చిత్రలేఖనమును గూర్చి యొక మాట వ్రాసినాడు. అప్పటికి అతడు చిత్రకారుడే గాని యుద్ధయంత్రములకు పేరుపడినవాడు కాడు. మహాపురుషుడు గనుక మనము నవ్వి యూరకుందుము. మా విద్యార్థి వ్రాసినచో ఊరకుందుమా?

నాకు నచ్చిన విన్నపము ఇంకొకటి కలదు. 1991 ఆగస్టులో ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయమున చదువుచున్న ఇరువదియొక్క యేండ్ల లీనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి, మినిక్స్ అను వ్యవస్థను వాడువారి కందఱికి నొక జాబు పంపెను. తాను సరదాకు ఒక ఆపరేటింగు సిస్టము చేయుచున్నాననియు, అది పెద్దది కాబోదనియు, మినిక్సులో మీకు నచ్చినవి, నచ్చనివి చెప్పుడనియు దాని సారము. అది ఏమి చేయగలదో, ఏమి చేయలేదో రెండును వ్రాసినాడు. ఆ చిన్న పనియే లినక్స్ ఐ నేడు ప్రపంచమున ఆండ్రాయిడ్ ఫోనులన్నిటిలోను దాని బీజమున్నది. గిట్ అను పనిముట్టును 2005లో చేసినవాడును అతడే. గిట్‌హబ్ దానిపై కట్టిన యిల్లు. పాల లెక్కను చెప్పుకొనుటకు మా పిల్ల వెతుకుచున్న భాష ఆ జాబులో నున్నది. నే నిది చేసితిని, ఇంతవఱకు పనిచేయును, ఇచ్చట పనిచేయదు, చూడుడు.

ఇంతవఱకు చదివి, మాస్టారు లోకమెఱుగని మనిషి యని కొందఱనుకొందురు. నిజము చెప్పినవానికి ఉద్యోగము రాక, కోసినవానికి వచ్చిన యెడల నీతి యెవరు వినును? ఈ యాక్షేపణ చిన్నది కాదు. మొదటి ఉద్యోగమునకు అనుభవము కావలెనందురు. ఉద్యోగము లేక అనుభవమెట్లు వచ్చును? ఈ చిక్కును ఆధారము చేసికొని హైదరాబాదులో, ఇతర నగరములలో, చేయని ఉద్యోగమునకు మూడేండ్ల అనుభవపత్రము వెలకు అమ్మువారు కలరు. కొనువారందఱును పట్టుబడరు. ప్రావిడెంటు ఫండునకు 2014 నుండి ప్రతి ఉద్యోగికి ఒక్కటే సంఖ్య యుండుట వలన, ఎవ డెచ్చట ఎన్ని నెలలు పనిచేసెనో విచారించుట సులభమైనది; చేరిన యేడాదికి బయటపడి పంపివేయబడినవారిని నే నెఱుగుదును. బయటపడక స్థిరపడినవారినిగూడ ఎఱుగుదును. వారిలో ఒకడు పండుగకు వచ్చినప్పుడు నా కాళ్ళకు మ్రొక్కును. ఏమని దీవింపవలెనో తెలియక తలమీద చేయి పెట్టి యూరకుందును.

అబద్ధపు పత్రము స్పష్టమైన దొంగతనము. అంతకంటె నన్ను కలతపెట్టునది సాక్ష్యమునే అలంకారముగా మార్చు విద్య. గిట్‌హబ్ పుటలో ఏ దినమున పనిచేసితిమో ఆ దినమునకు ఒక పచ్చనిగడి పడును. ఏడాది పొడుగునను పచ్చగా నున్నచో శ్రద్ధగలవాడని చూచువా రనుకొందురు. గిట్‌లో మార్పు చేసిన తేదీని వ్రాయువాడే తన యిష్టము వచ్చినట్లు పెట్టవచ్చును; ఒక్క సాయంకాలమున కూర్చుండి గడచిన సంవత్సరమంతయు పచ్చచేయు ప్రోగ్రాములు ఉచితముగా దొరకును. అక్టోబరు మాసమున ఇతరుల ప్రోగ్రాములకు తోడ్పడినవారికి టీషర్టు నిచ్చు హాక్టోబర్‌ఫెస్ట్ అను ఉత్సవము 2014 నుండి జరుగుచుండెను. 2020లో, ఎక్కడనో ఒక మాట చేర్చి తోడ్పడితిమనిపించుకొనుట యెట్లో చూపు వీడియో యొకటి వ్యాపింపగా, వేలకొలది పనికిమాలిన మార్పులు వచ్చిపడి, ఉచితముగా పాటుపడు నిర్వాహకులకు విసుగు పుట్టెను. ఉత్సవము నడుపువారు మధ్యలో నియమములు మార్చి, ఇష్టపడినవారి ప్రోగ్రాములకే దానిని పరిమితము చేయవలసివచ్చెను. ఆ మార్పులు పంపినవారిలో మన దేశపు విద్యార్థులు పెక్కురు. వారు చెడ్డపిల్లలు కారు. తోడ్పడినట్లు కనబడవలెనని చెప్పినవారు కలరు. తోడ్పడుట యేమో చెప్పినవారు లేరు.

లింక్డిన్‌లో 2012 నుండి ఒకరి విద్యను మఱొకరు ఒక్క మీట నొక్కి ధ్రువపఱచు నేర్పాటున్నది. నీవు నాది నొక్కుము, నేను నీది నొక్కెదనని స్నేహితులు ఒప్పందము చేసికొందురు. ఒంటెల పెండ్లికి పాడవచ్చిన గాడిదలు రూపమును, కంఠమును పరస్పరము మెచ్చుకొన్న కథ సంస్కృతము చదివినవారికి జ్ఞప్తికి వచ్చును. కన్యాశుల్కములోని గిరీశము నేడున్నచో అతని పుట యెట్లుండెడిదో యని అప్పుడప్పుడు నవ్వుకొందును. వెంకటేశము మొదటి యనుయాయి యగును.

ఇట్లు పరులను తప్పులు పట్టుచు వ్రాయుచుండగా నా చేయి యొకచోట ఆగినది. ఇరువదేండ్లుగా కాండక్ట్ సర్టిఫికేట్లకు మాటలు కూర్చువాడను నేనే. ప్రతి సంవత్సరమును పదవ తరగతి ముగియగానే దొంతరలుగా వచ్చును. అన్నిటిలోను ఒకే వాక్యము: సత్ప్రవర్తన గలవాడు. తోటివాని పుస్తకములు దొంగిలించిన వానికిని అదే. పంటకాలువలో పడిన చిన్నతరగతి పిల్లవానిని బట్టలతోనే దుమికి తీసిన వానికిని అదే. ఆ రెండవవాడు పత్రము చదివి, మడిచి జేబులో పెట్టుకొని పోయినాడు. అతడు ఊరిలో మెకానికు. పై చదువు చదువలేదు. ఎవరైన ఆ పత్రము చూచి అతనిని గూర్చి యేమి తెలిసికొనగలరు? అందఱికిని మంచిమాట వ్రాయుట దయయని అనుకొంటిని. మంచిమాటకు అర్థము లేకుండ చేసితిని. పిల్లలు యంత్రము చేత వ్రాయించుకొను వాక్యములకును, నా చేతి వాక్యమునకును భేద మేమి? యంత్రమున కలుపు రాదు, నాకు వచ్చుచుండెను. అంతే.

జాంబవంతుడు హనుమంతునకు సత్ప్రవర్తన పత్రము ఇచ్చి యూరకున్నచో సముద్రము దాటువాడు లేడు. అతడు చెప్పినది, పసితనమున సూర్యుని పండనుకొని ఎగిరిన కథ. జరిగినది, తాను ఎఱిగినది. చేసిన పని ఇది, చూచినది నేను అని చెప్పగల పెద్దలు మన పిల్లలకు లేకపోయినందుననే వారు విశేషణములు కొనుక్కొనుచున్నారు.

ఆ పిల్ల విషయమునకు మఱల వత్తును. పాల లెక్కను పుటలో పెట్టుమని చెప్పితిని. నాలుగు దినములకు ఆమె తండ్రి వచ్చెను. "మాస్టారండీ, ఆడపిల్ల పేరు, ఫొటో దేశమంతా చూసేలా పెట్టమన్నారంట" అని నిలువబడియే యడిగెను. కోపముతో కాదు, భయముతో. ఆ భయము వట్టిది కాదు. ఉద్యోగపు తావుననే, ఉద్యోగ మిచ్చువారి వేషమున, పిల్లలకు పిచ్చిరాతలు పంపువారున్నారు. ఆమెకును రెండు వచ్చినవట, ఇంటిలో చెప్పలేదట. కాని అదే తండ్రి తన కొడుకు పుట చూచి ఊరంత చెప్పుకొన్నవాడు. 1883లో వీరేశలింగము పంతులుగారు స్త్రీల కొఱకు సతీహితబోధిని పత్రికను స్థాపించిరి. నూటనలువది యేండ్లు గడచినను, ఆడపిల్ల పేరు అచ్చులో కనబడుట ఇంటి పరువునకు సంబంధించినదా యని మనము విచారించుచునే యున్నాము. ఫొటో లేకపోయినను పని జరుగును, ఇంటి చిరునామా, ఫోను నంబరు అసలే వలదు, పేరు మాత్రము దాచవలదు. చేసినది ఎవరో తెలియనిచో చేసినదానిని చూపి ప్రయోజన మేమి అని చెప్పితిని. ఆయన కాఫీ త్రాగి, ఏమియు చెప్పక వెళ్ళెను. మఱునాడు పిల్ల ఫోను చేసి, నాన్న సరేనన్నారని చెప్పెను.

అంతలో నేనాలోచింపని చిక్కు నొకదానిని ఆ పిల్లయే కనిపెట్టినది. ప్రోగ్రాముతోబాటు లెక్కలుగూడ అందులోనే యున్నవి. ఏ యింట ఎన్ని లీటర్లు, ఎవరి పాలలో వెన్న యెంత, ఎవరు అడ్వాన్సు తీసికొనిరి, ఊరి గుట్టంతయు నందున్నది. వెన్నశాతము తగ్గిన యింటివారిని నీళ్ళు కలిపిరని ఊరిలో అనరా? తన్ను గూర్చి చెప్పుకొనుటలో తనవారిని బయట పెట్టరాదని ఆమెకు నేను చెప్పలేదు. గిట్‌లో పాత మార్పులు చరిత్రలో నిలిచియుండును గనుక, పేర్లు చెఱపి మఱల పెట్టిన చాలదట. ఆ చరిత్రతో సహా విడిచి, కల్పితపు పేర్లతో క్రొత్తగా నారంభించినది. దాని వలన పచ్చనిగడులు పోయినవి. పోనిమ్మన్నది. మక్కువ, నాయకత్వములను ఎత్తివేసి, అమీర్‌పేట ప్రాజెక్టులకు ఎదురుగా "శిక్షణలో అందఱితో కలసి చేసినవి" అని తానే వ్రాసికొన్నది. అంత అవసరమా యని నాకే యనిపించినది గాని నోరు మూసికొంటిని.

ఈ వ్యాసము వ్రాయునాటికి ఆమెకు రెండుచోట్లనుండి పిలుపు వచ్చినది. ఒకచోట పుట చూచినట్లే లేదట. రెండవచోట, కరెంటు పోయినప్పుడు పాలు రెండుమాఱులు చేరిన సంగతిని గూర్చియే అరగంట యడిగిరట. ఉద్యోగ మింకను రాలేదు.

గురువుగా నాలుగు మాటలు వ్రాయుమని ఆమె నన్ను కోరినది. అందులకు నేనుగూడ లింక్డిన్‌లో చేరవలసివచ్చెను. చేరగానే, పేరు క్రింద నన్ను గూర్చి ఒక వాక్యము వ్రాయుమని అది యడిగెను. చాలసేపు కూర్చుంటిని. ఉత్తమ ఉపాధ్యాయ పురస్కార మొకటి మండలమువా రిచ్చినది జ్ఞప్తికి వచ్చెను. వ్రాసి, చెఱపి, మఱల వ్రాసి, చెఱపితిని. చివరకు ఉపాధ్యాయుడు అని మాత్రముంచి ముందుకు సాగితిని. పిమ్మట ఆమెను గూర్చి వ్రాయ మొదలిడి, తెలివిగలది, కష్టపడునది, సత్ప్రవర్తన గలది అని అలవాటుగా వచ్చినవానిని కొట్టివేయగా నాలుగు వాక్యములు మిగిలినవి. తొమ్మిది, పది తరగతులలో రెండేండ్లు నాయొద్ద చదివినది. ఛందస్సులో గురులఘువులు గుర్తించు పద్ధతిని తనకు తోచిన పట్టికగా గీసి, వెనుకబడిన ఆఱుగురు పిల్లలకు నేర్పినది. ఆ పట్టికను నేనిప్పటికిని తరగతిలో వాడుచున్నాను. అందులో నేను చేసిన తప్పు నొకదానిని తరగతి ముగిసిన పిమ్మట, ఒంటరిగా వచ్చి చెప్పినది.

పంపిన గంటకు ఫోను వచ్చెను. "ఇంతేనా మాస్టారూ?"

"నేను చూసింది ఇంతేనమ్మా. పాల లెక్క మీ నాన్న చూశాడు, నేను చూడలేదు."

కొంచెము నిశ్శబ్దముగా నుండి, "ఆ పట్టిక ఇంకా వాడుతున్నారా అండీ?" అని యడిగెను.